ఉలికి గడ్డం కత్తి పదును

పదును గురించి నాకు ఇంకొకరు చెప్పాలా? ఈ మాట నేను ఎప్పుడైతే గొప్పగా అనుకున్నానో అప్పుడే నా కష్టాలు మొదలయ్యాయి.

నాది సెలూన్. ఇప్పుడు అందరూ విరిచి పారేసే బ్లేడు ముక్కలతో గడ్డాలు గీస్తున్నారు గానీ, నా దగ్గర మా నాన్న వాడిన మడత కత్తి ఉంది. దానికో రాయి, ఓ తోలు పట్టీ. రాయి మీద కత్తిని మట్టంగా పడుకోబెట్టి, పసిపిల్లాణ్ణి జోకొట్టినంత మెత్తగా అటూ ఇటూ లాగుతాను. తలవెంట్రుక తాకించగానే తెగిపడితేనే అది కుర్చీ దగ్గరికి వస్తుంది. వీధిలో వయసు మళ్లినవాళ్లంతా ఆ కత్తి కోసమే నా దగ్గరికి వస్తారు. తల వెనక్కి వాల్చి, గొంతు నాకు అప్పజెప్పి, గురక పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల నమ్మకం కత్తి మీద కాదు, చెయ్యి మీద. ఆ చెయ్యి తప్ప నాకు వేరే ఆస్తి లేదు.

ఇంటి ముందు గది నా సెలూన్. మధ్య గదుల్లో మేం ఉంటాం. వెనక పెరట్లో రేకుల షెడ్డు మా మామగారిది. ఆ మాటకొస్తే ఇల్లంతా ఆయనదే. కొయ్యను యంత్రం మీద తిప్పుతూ, ఉలి ఆనించి, మంచం కోళ్లూ కుర్చీ కాళ్లూ మెట్ల పక్కన నిలబెట్టే స్తంభాలూ నునుపుగా తీసే పని ఆయనది. అందరూ ఆ యంత్రాన్ని లేత్ అంటారు, ఆయన మాత్రం పాత మాటే పట్టుకుని తరిమెన అంటారు. పెళ్లైన కొత్తలో నన్ను ‘అల్లుడుగారూ’ అనేవారు, కొన్నాళ్లకు ‘అల్లుడూ’ అన్నారు, ఇప్పుడు ఒట్టి ‘ఏమయ్యా’. మర్యాద తగ్గిందో చనువు పెరిగిందో నేను ఎప్పుడూ అడగలేదు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం షెడ్డులో లేత్ చప్పుడు మారింది. ఉలి ఆనినప్పుడు వచ్చే గరగర ఆగిపోయి, ఒట్టి హోరు మిగిలింది. అది ఎంతకీ ఆగకపోతే మా ఆవిడ వెళ్లి చూసింది. ఆయన పొట్టు మీద పక్కకు పడి ఉన్నారు. సగం చెక్కిన కుర్చీ కాలు ఒకటి లేత్ మీద తిరుగుతూనే ఉంది. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట దక్కింది. కుడి కాలు ఈడ్వాల్సిందే, కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడే వస్తువైపోయింది.

ఆ తర్వాత షెడ్డుకు తాళం పడింది. ఆయన ఆ వైపు చూడరు. పెరటి కిటికీ కనిపించకుండా మంచం కూడా తిప్పించుకున్నారు. చేతికర్ర పట్టుకుని నడవాలని డాక్టరు చెబితే, మా ఆవిడ దుకాణంలోంచి మంచి కర్ర తెచ్చింది. ఆయన దాని పిడి పట్టుకుని చూసి, మూలకు విసిరారు.

“ఎవడో యంత్రంలో వేసి పిండినట్టుంది. నేను పట్టను,” అన్నారు.

“మరి పడిపోతే ఏం చేస్తావు నాన్నా?” అంది మా ఆవిడ.

“పడతాను. నేల ఎక్కడికీ పోదుగా.”

ఆయనకు ఎవరేం చెప్పినా దున్నపోతు మీద వానే. అప్పుడు నాకు తట్టింది ఈ బుద్ధి. ఆయన తరిమెన మీద, ఆయన ఉలులతో, నేనే ఒక పిడి తిప్పి ఇస్తే పట్టుకోరా? కొయ్య తిప్పడం రాదు, నిజమే. కానీ అందులో అసలు పని పదునుదేగా. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత నాకు ఆ రోజు గుర్తు రాలేదు. అవసరమైనప్పుడు సామెతలు ఎప్పుడూ గుర్తు రావు.

వారానికొకసారి మా ఆవిడ ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళుతుంది. వాళ్లు ఆటో ఎక్కగానే సెలూన్ తలుపు దించి, షెడ్డు తాళం తీశాను. లోపల నూనె, పొట్టు, తుప్పు కలిసిన వాసన. గోడకు కొట్టిన పలకలో ఉలులు వరసగా గుచ్చి ఉన్నాయి. దోనెలా లోపలికి గుంటపడ్డ ఉలులు, పొడుగాటి చెక్క పిడులతో. ఆయన చెయ్యి పట్టిన చోట పిడి నల్లగా మెరుస్తోంది. ఉక్కు మీద మాత్రం తుప్పు పేరుకుంది. ఒకటి తీసి కొన మీద వేలు పెట్టి చూశాను. చెబితే నమ్మరు, నాకు నవ్వొచ్చింది. అంచు మొద్దుగా, దాని వెనక వాలు పొట్టిగా, బండగా ఉంది. ఇన్నేళ్లూ దీంతోనా ఈయన పని చేసింది అనుకున్నాను.

ఆ పూటంతా పదును పెట్టడంతోనే గడిచిపోయింది. మా నాన్న రాయి మీద ఉలిని మట్టంగా, కత్తిని పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి, గుండ్రంగా దొర్లిస్తూ రుద్దాను. పొట్టిగా ఉన్న వాలు పొడుగయ్యింది, పలచనయ్యింది. తోలు పట్టీ మీద లాగాను. చివరికి ముంజేతి మీద వెంట్రుకలు గీస్తే నున్నగా వచ్చేశాయి. ఉలితో గడ్డం గీయొచ్చు! ఇంతకన్నా ఏం కావాలి? పొడుగుదీ పొట్టిదీ, రెండు ఉలులను అలాగే చేసి తాళం వేశాను.

మరుసటి వారం వాళ్లు ఆటో ఎక్కగానే నేను లేత్ ఎక్కాను.

కొయ్య ముక్కను రెండు మొనల మధ్య బిగించాను. స్విచ్ నొక్కాను. అది తిరగడం మొదలుపెట్టి, నాలుగు మూలల చెక్క కాస్తా ఒక మసక నీడలా మారిపోయింది. హోరు కాళ్లలోంచి పైకి పాకింది. అక్కడే నాకు మొదటి భయం తగిలింది. నా పనిలో కత్తి కదులుతుంది, మనిషి కదలడు. ఇక్కడ ఉలి ఆగి ఉండాలి, కొయ్యే మీదికి వస్తుంది. అయినా వెనక్కి తగ్గితే పరువేం కాను? చూసేవాడు ఎవడూ లేకపోయినా పరువు పరువే. పొడుగాటి ఉలిని కత్తిని పట్టినట్టే, వేళ్ల కొసలతో, తేలిగ్గా పట్టుకున్నాను. ముందున్న ఇనప కమ్మీ మీద సరిగ్గా ఆనించకుండానే, కొనను మెల్లగా కొయ్యకు తాకించాను.

తరువాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. ‘ఠాప్’ మని ఒక చప్పుడు. ఉలి నా చేతిలోంచి ఊడి, దాని పిడి పక్కటెముకలను గుద్దింది. కొయ్య మొనల మధ్య నుంచి ఎగిరి, చెవి పక్క నుంచి గాలి కోసుకుంటూ పోయి, వెనక రేకుకు తగిలింది. షెడ్డంతా మోగింది. స్విచ్ ఎలా కట్టేశానో గుర్తు లేదు. రేకుకు పడ్డ సొట్ట నా కణత ఎత్తులో ఉంది. నేను దాని ముందు నిలబడి, తల ఆనించి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఉలి వెతికితే పొట్టులో దొరికింది. వెంట్రుకలు గీసిన ఆ అంచు పూచిక విరిగినట్టు ఒక పక్క విరిగిపోయి ఉంది. దాన్ని దాని చోట గుచ్చి, తాళం వేసి, స్నానం చేసి, తేలు కుట్టిన దొంగలా సెలూన్‌లో కూర్చున్నాను.

దెబ్బ నాలుగు రోజుల్లో మానుతుంది, భయం అంతకన్నా ముందే పోతుంది అనుకున్నాను. మరునాడు ‘హారన్’ బాబాయి వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినా ఆయన గొంతు ఇంకా రోడ్డు మీదే ఉంది, అందుకే ఆ పేరు. నురగ పట్టించి, కత్తి తెరిచి, గడ్డం కిందికి తెచ్చాను. నెత్తిమీద ఫ్యాను హోరుమంటోంది. ఆ హోరు చెవిలో పడగానే కొయ్య తిరగడం కళ్ల ముందుకు వచ్చింది, నా మణికట్టు దానంతటది వణికింది. ఒంట్లో జ్వరం లేదు, ఆకలి లేదు. అయినా వణుకు.

“ఏరా, ఆగావు?” అని అరిచాడు బాబాయి, కళ్లు తెరవకుండానే.

“ఫ్యాను కట్టేస్తాను బాబాయ్. నురగ ఆరిపోతోంది.”

“కట్టేస్తే నేను ఆరిపోతాను కదరా!”

ఫ్యాను కట్టేశాను. అయినా వణుకు ఆగలేదు. ఎలాగో పూర్తి చేశాను గానీ, దవడ కింద చిన్న గాటు పడింది. నా చేతిలో ఆయనకు పడ్డ మొదటి గాటు అది. పటిక రాస్తుంటే ఆయన ఏమీ అనలేదు. హారన్ బాబాయి ఏమీ అనకపోవడం కన్నా భయంకరమైన సంగతి ఆ వీధిలో ఇంకోటి లేదు.

తరువాత కత్తి సొరుగులో పెట్టేశాను. ‘సానకిచ్చాను’ అని చెప్పి అందరికీ మిషను పెడుతున్నాను. తండ్రి కత్తిని పరాయివాడి చేతికి ఇవ్వనివాణ్ణని వీధంతా ఎరుగును. ఒకళ్లిద్దరు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన మళ్లీ రాలేదు. పడుకుంటే నిద్ర పట్టడం లేదు. చెయ్యి చాపి చూసుకుంటాను, రాయిలా నిలబడుతుంది. కత్తి పట్టగానే మొదలు. చెయ్యి చేజారిపోతోంది అన్న మాట పైకి అనడానికి కూడా భయమే. నాకు వేరే పని రాదు. ఒకవేళ ఈ వణుకు పోకపోతే? ఒకవేళ ఎవరి గొంతు మీదో ఉన్నప్పుడు వస్తే? అక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ఆగిపోయేది, దాని తరువాతది ఊహించే ధైర్యం నాకు లేదు.

అందరికీ మిషను పెట్టగలిగాను గానీ మామగారి దగ్గర కుదరలేదు. ఆయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే, సెలూన్ తెరవకముందు, నేనే గడ్డం గీస్తున్నాను. మిషను తీసుకువెళితే దాని వైపు ఏదో చచ్చిన ఎలుకను చూసినట్టు చూశారు.

“ఇది గడ్డి కోసేది. కత్తేది?”

“సానకిచ్చాను మామయ్యా.”

“సొరుగులో ఉంది. తీసుకురా.”

తెచ్చాను. ఆయన ఎప్పటిలాగే తల వాల్చి, కళ్లు మూసుకున్నారు. నా చెయ్యి వణుకుతోంది, కత్తి నురగ మీద చిన్న చిన్న మెట్లు గీస్తోంది. ఆయనకు తెలియకుండా ఉంటుందా? చర్మానికి తెలుస్తుంది. కానీ ముఖం మీద ఒక్క గీత కదల్లేదు. ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద, కుడి చెయ్యి ఒళ్లో. మర్నాడూ కత్తే అడిగారు. ఆ మర్నాడూ అంతే. ఈయనకు భయమనేది పుట్టుకతోనే పెట్టలేదు కాబోలు అని అసూయపడ్డాను. ఆయన గొంతు మీదికి వచ్చినప్పుడల్లా నాకు ముచ్చెమటలు పట్టేవి, గీయడం అయ్యాక పెరట్లోకి పోయి ముఖం కడుక్కునేవాణ్ణి.

“ఏమైందండీ మీకు?” అంది మా ఆవిడ ఒకసారి, తువ్వాలు అందిస్తూ. “గడ్డం గీసింది నాన్నకా, పులికా?”

“ఉక్కపోత,” అన్నాను.

“ఫ్యాను కట్టేసుకుని ఉక్కపోత అంటారేంటి?”

తువ్వాలు తీగ మీద ఆరేశాను. ఆమె నా వంక ఇంకాసేపు చూసి లోపలికి పోయింది.

ఇలా రెండో వారంలో, నేను భయపడింది జరిగింది. దవడ ఎముక దాటి గొంతు మెత్తటి చోటికి కత్తి దిగుతుండగా, వీధిలో ఎవడో మోటారు బండిని రయ్యిమనిపించాడు. నా మణికట్టు ఎగిరింది. తెల్లటి నురగలో ఎర్రటి గీత లేచి, కిందికి జారి, తువ్వాలు అంచును తడిపింది. లోతుగా తెగలేదు. కానీ నాకు ఆ సంగతి తెలిసేసరికి కత్తి నేల మీద ఉంది, నేను దాని పక్కన కూలబడి ఉన్నాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఇంక నావల్ల కాదు మామయ్యా. ఈ రోజుతో ఈ పని అయిపోయింది,” అన్నాను. ఏడుస్తున్నానని నా గొంతు వింటేనే నాకు తెలిసింది.

ఆయన ఎడమ చేత్తో తువ్వాలు గొంతుకు అదుముకున్నారు.

“షెడ్డు తాళంచెవి ఎక్కడ పెట్టావు?”

నేను తలెత్తి చూశాను.

“రెండు వారాల కిందట నీ చెవి వెంట్రుకల్లో పొట్టు ఉంది. నేను తిప్పే కొయ్య పొట్టు నాకు తెలీదా? వచ్చి చెబుతావని చూశాను. చెప్పవు కదా. పద.”

ఆయన్ని నా భుజం మీద ఆనించుకుని పెరట్లోకి నడిపించాను. గాటుకు కాగితం ముక్క అంటించి, పైన తువ్వాలు చుట్టాను. మా ఆవిడ వెనకే వచ్చింది, ఆయన చేత్తో వద్దన్నారు. షెడ్డు గుమ్మం దగ్గర ఆయన ఆగారు.

“రేకు వేడెక్కింది. కాస్త ఉండు,” అన్నారు.

పొద్దున్నే రేకు ఎక్కడ వేడెక్కుతుంది?  ఆయన చూపు లేత్ మీద కాదు, దాని ముందు నేల మీద ఉంది. తాను పడ్డ చోటు. నా భుజం మీద ఆయన బరువు పెరిగింది. కాసేపయ్యాక ఆయనే ముందు అడుగు వేశారు. మడమ ముందు, తర్వాత వేళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు నేర్పినట్టు.

స్టూలు మీద కూర్చోబెట్టాను. ఉలులు రెండూ ఒళ్లో పెట్టాను. ఆయన ఎడమ బొటనవేలితో అంచును అడ్డంగా తడిమారు. విరిగింది చూశారు, విరగనిది చూశారు. ఆ తర్వాత ఆయన నవ్వారు. పక్షవాతం వచ్చాక నేను విన్న మొదటి నవ్వు అది. ఒక పక్క నుంచే వచ్చింది గానీ గట్టిగానే వచ్చింది.

“ఏమయ్యా! ఇది ఏ చెట్టుకు గడ్డం గీయడానికి?”

“పదును మామయ్యా...”

“పదునే. నేను ఇంత పదును జన్మలో పెట్టలేదు. గడ్డం మెత్తగా ఉంటుంది, నువ్వు రమ్మన్నప్పుడు వస్తుంది. కొయ్య అలా కాదు, తిరిగి తిరిగి వచ్చి గుద్దుతుంది. దానికి ఎదురు నిలబడాలంటే అంచు వెనకాల కండ ఉండాలి. నువ్వు కండంతా తీసేసి కాగితం చేశావు. అది కొయ్యలో దిగబడిపోతుంది, దిగబడ్డాక వదలదు. నువ్వు పట్టుకున్నది కూడా కత్తిని పట్టుకున్నట్టేనా? వేళ్ల కొసలతో?”

తల ఊపాను. నా జీవితమంతా నేను గొప్పగా చెప్పుకున్న తేలిక చేతిని ఆయన రెండు మాటల్లో తేల్చేశారు. కోపం రావాలి నిజానికి. కానీ రేకు మీద ఆ సొట్టను చూపిస్తే ఆయన దాన్ని చూశారు, నా కణతను చూశారు, నవ్వు ఆపేశారు.

“నీ జుట్టు రంగు తీసుకురా,” అన్నారు.

“జుట్టు రంగా?”

“నల్లది.”

గిరాకీలకు వేసే రంగు, బ్రష్షు తెచ్చాను. ఉలి వాలు మీద నల్లగా పూయించారు. సానచక్రం ముందు నన్ను నిలబెట్టి, ఉలిని ఎత్తి పట్టుకోమన్నారు. నల్లరంగు ఎక్కడ చెరిగితే రాయి అక్కడ తాకుతున్నట్టు. అంచు దగ్గరే చెరిగితే చెయ్యి మరీ ఎత్తానని, వాలు వెనక చివర, ఆయన మడమ అనే చోటే, చెరిగితే మరీ వాల్చానని లెక్క. రవ్వలు లేచినప్పుడల్లా నా ఒళ్లు ఝల్లుమంది. కాస్త వేడెక్కగానే నీళ్లలో ముంచమని అరుస్తున్నారు.

“నీలం తిరిగిందంటే ఉక్కు చచ్చినట్టే. పాత ఉక్కు. ముసలాళ్లలాగే, వేడి పడదు.”

నేను అంత శ్రద్ధగా తెచ్చిన పలచని వాలు పొట్టిగా, బండగా మారిపోయింది.  నేను చూసి నవ్వుకున్న మొద్దు ఉలి మళ్లీ నా చేతిలోకి వచ్చింది.

కొయ్య బిగించాను. స్విచ్ మీద వేలు పెట్టాను, నొక్కలేకపోయాను. 

“కొయ్య ఎగిరే వరసలో నిలబడకు, పక్కకు రా. చేత్తో ఒకసారి తిప్పి చూడు, కమ్మీకి తగులుతోందా? తగలకపోతే నొక్కు.”

“మామయ్యా, నా చెయ్యి...”

“వణుకుతోంది. కనపడుతోంది. నన్ను వణకని చెయ్యి చూపించమంటావా?” అని ఒళ్లో ఉన్న కుడి చెయ్యి వైపు గడ్డంతో చూపించారు. “ఇదిగో. ఇది అసలు వణకదు.”

స్విచ్ నొక్కాను. హోరు మొదలైంది. ఆయన స్టూలు మీద నుంచే అరుస్తున్నారు.

“ముందు కమ్మీ మీద ఆనించు. గట్టిగా! తర్వాత మడమ కొయ్యకు ఆనించు. అంచు కాదయ్యా, మడమ! కోసుకోనివ్వకు, రుద్దుకోనివ్వు. ఇప్పుడు పిడి మెల్లగా ఎత్తు. ఎత్తు... ఎత్తు...”

నల్లగా మెరుస్తున్న ఆ పిడిని నడుముకు అదుముకుని ఎత్తాను. నా వణుకు ఇనప కమ్మీ మీదికి దిగిపోయింది. కమ్మీకి వణుకు రాదు. గరగరమని ఒక చప్పుడు, ఆయన షెడ్డులోంచి ఇన్నేళ్లూ నేను విన్న చప్పుడు, నా చేతుల్లోంచి వచ్చింది. పొట్టు లేచి ముంజేతి మీద పడింది. పక్కకు చూసే ధైర్యం లేదు గానీ, ఆయన అరవడం ఆపేశారని తెలిసింది.

కర్రకని తిప్పిన పిడి ఏమంత బాగా రాలేదు. ఒక చోట ఉబ్బి, ఒక చోట నొక్కుకుపోయి, దెబ్బ తగిలిన వేలులా ఉంది. మధ్యలో ఉలి రెండుసార్లు జారింది, రెండుసార్లూ నేను అరిచాను. మూలన పడేసిన దుకాణం కర్ర తెచ్చి, దాని పిడి ఊడదీసి, ఇది బిగించి ఇచ్చాను. ఆయన పట్టుకుని చూశారు.

“అసహ్యంగా ఉంది,” అన్నారు. దాని మీదే బరువు వేసి ఇంట్లోకి నడిచారు.

మరునాడు పొద్దున్న ఆయనే సెలూన్‌లోకి వచ్చారు, టకటకమని ఆ కర్రతో. గొంతు మీద నిన్నటి గాటు నల్లగా పక్కు కట్టింది. కుర్చీలో కూర్చుని, నెత్తిమీదికి చూశారు.

“ఫ్యాను వెయ్యి. కత్తి తియ్యి.”

“ఇవాళ వద్దు మామయ్యా. గాటు మానాక గీద్దాం.”

“మానేలోపు నువ్వు భయానికి అలవాటు పడిపోతావు. వెయ్యి.”

ఫ్యాను హోరు మొదలైంది. నురగ పట్టించాను. కత్తి తెరిచాను. వణుకు వచ్చింది, ఎక్కడికి పోతుంది? నిన్న ఒక్క పూటతో పోయేదైతే నేను ఇన్ని రోజులు నలిగేవాణ్ణా? తేలిగ్గా, వేళ్ల కొసలతో, గాలిలో పట్టుకునే నా పాత అలవాటు ఇంక పనిచేయదని తెలిసిపోయింది. ముందు ఆనించు, అన్నారాయన. కత్తి ఇంకా దూరంగా ఉంచి, చిటికెనవేలినీ అరచేతి అంచునీ ఆయన గొంతు పక్కన ఆనించాను. ఇన్నేళ్ల పనిలో నేను ఎప్పుడూ అలా చేయలేదు. గిరాకీ ఒంటి మీద బరువు వేయకుండా గీయడమే నా గొప్ప.

వేలి కింద ఏదో కొట్టుకుంటోంది. మొదట నా వేలి వణుకే అనుకున్నాను. కాదు. వేలు నిలబడే ఉంది. కొట్టుకుంటున్నది ఆయన గొంతు. ఉచ్చులో పడ్డ పిట్ట గుండెలా, దడదడమని, ఆపకుండా. ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది, కళ్లు మూసి, ఒక్క గీత కదలకుండా.

అప్పుడు అర్థమైంది నాకు. ఇవాళ ఒక్కరోజు కాదు. ఇన్నాళ్లూ, రోజూ, వణికే కత్తి కిందికి ఈ మనిషి ఇలాగే వచ్చి కూర్చున్నారు. లేచి పారిపోవడానికి ఒక కాలు, తోసేయడానికి ఒక చెయ్యి లేనివాడు. మిషను పెడతానంటే తిట్టి, కత్తే తెమ్మన్నారు. నేను అసూయపడిన ఆ ధైర్యం కింద ఇది ఇలా కొట్టుకుంటూనే ఉంది, తేలిక చేతివాణ్ణి కాబట్టి నాకు తగల్లేదు.

“మామయ్యా,” అన్నాను. “భయమేస్తోందా?”

కళ్లు తెరవలేదు. ఎడమ చెయ్యి ఆ వంకర పిడి మీద బిగుసుకుంది.

“వేస్తోంది,” అన్నారు. “గియ్యి.”

వేలు అక్కడే ఆనించి ఉంచి, గీశాను.